స్థిరాస్తి ఫొటోగ్రఫీ, వీడియో టూర్లు: వరంగల్ ప్రాంతంలో కెమెరా సామగ్రి ఎంపిక

అమ్మకానికో అద్దెకో పెట్టిన ఇల్లు, ఫ్లాటు, దుకాణం, ప్లాటు ఎలా ఉందో కొనేవాళ్లు అక్కడికి రాకముందే చూసుకునేలా ఫొటోలు, వీడియోలు తీయడాన్ని స్థిరాస్తి ఫొటోగ్రఫీ అంటారు. గుళ్లు, కోటలు, పెద్ద భవనాలు తీసే నిర్మాణ ఫొటోగ్రఫీ నుంచే ఇది పుట్టినా పని తీరు వేరు. అక్కడ మంచి వెలుగు కోసం రోజంతా కాచుకోవచ్చు. ఇక్కడ అద్దెకున్నవాళ్లు వంట మొదలుపెట్టేలోగా హాలు, వంటిల్లు, పడకగదులు, పూజగది, మేడ, ముందున్న వీధి అన్నీ ముగించాలి. పైగా గది ఎంత ఉందో అంతే కనబడాలి. ఏ పరికరం కొనాలన్నది ఈ రెండు అవసరాలే తేలుస్తాయి.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిపోయిన మూడు ఊళ్ల నగరంలో ఈ పనికి గిరాకీ రావడానికి కారణం, కొనేవాళ్లలో చాలామంది ఊళ్లో లేకపోవడం. 1959లో మొదలై ఇప్పుడు ఎన్ఐటీ అయిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, అదే ఏడాది మొదలైన కాకతీయ వైద్య కళాశాల, 1976 నాటి కాకతీయ విశ్వవిద్యాలయం తరాల తరబడి ఇక్కడి పిల్లల్ని చదివించి బయటికి పంపాయి. వాళ్లలో కొందరు సుమారు 145 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో ఉన్నారు, కొందరు అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నారు. గోపాలపూర్‌లో ఫ్లాటో, మడికొండ వైపు స్థలమో కొనాలనుకుంటే వాళ్లు మొదట చూసేది సెల్‌ఫోన్‌లోనే. నాన్నగారు వెళ్లి చూసొస్తారు, కొడుకు వీడియో చూసి సరేనంటాడు. అలా కళ్లతో చూడని మనిషి డబ్బు పెడుతున్నప్పుడు లెన్సు ఎంపిక ఫొటోగ్రాఫర్ అభిరుచికి సంబంధించిన సంగతిగా మిగలదు.

పెళ్లి సామగ్రి, ఇంటి సామగ్రి

ఊళ్లో స్టూడియోలు నడిచేది ప్రధానంగా పెళ్లిళ్ల మీద. అందుకే బిల్డర్లు, మధ్యవర్తులు ముందుగా పిలిచేది పెళ్లిళ్లు తీసే కుర్రాళ్లనే. వాళ్ల సంచిలో ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24-70, 70-200, ఒక 85 మి.మీ. లెన్సు ఉంటాయి. తలంబ్రాల దగ్గర ఇవి ప్రాణం. పదడుగుల పడకగదిలో మాత్రం 70-200 సంచి దిగదు, 85 మి.మీ.తో కిటికీ రెక్క తప్ప మరేమీ పట్టదు. 24-70 ఒక్కటే కొంత పనికొస్తుంది, అదీ 24 దగ్గర పెట్టి గోడకు వీపు ఆనిస్తేనే.

పెళ్లిలో ఖరీదైన లెన్సుకు డబ్బు పెట్టేది ఎఫ్/1.4, ఎఫ్/2.8 వంటి పెద్ద రంధ్రం కోసం. మండపం వెనకున్న జనం మసకబారాలి, పెళ్లికూతురి ముఖం తేలాలి. ఇంటి ఫొటోలో ఏదీ మసకబారకూడదు. తలుపు గొళ్లెం నుంచి ఎదుటి గోడ గడియారం దాకా అంతా స్పష్టంగా ఉండాలి కాబట్టి కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్ఓ 100లో, ఎఫ్/8 దగ్గర తీస్తారు. ఎఫ్/8లో తీసే పనికి ఎఫ్/2.8 లెన్సుకు రెట్టింపు డబ్బు పోయడం దండగ. ఎఫ్/4 లెన్సు తేలిగ్గా ఉంటుంది, గింబల్ మీద కూడా బాగా కూర్చుంటుంది.

కెమెరా బాడీ విషయమూ అంతే. 4కె తెర నిండుగా చూపే బొమ్మకు కావలసింది సుమారు 83 లక్షల పిక్సెళ్లు. ఇప్పుడు దొరికే మామూలు మిర్రర్‌లెస్ బాడీలు 240 లక్షల పిక్సెళ్లు ఇస్తున్నాయి. చివరికి ఆ బొమ్మ వాట్సాప్‌లో నలిగి వెళ్లేదే. కొత్త బాడీ కోసం అప్పు చేసే ముందు ఉన్న బాడీకి వెడల్పు లెన్సు ఉందా అని చూసుకోవడం మంచిది.

లెన్సు: 90 డిగ్రీల లెక్క

గది ఫొటో సాధారణంగా ఒక మూల నుంచి తీస్తారు. సరిగ్గా మూలలో నిలబడినవాడికి అటూ ఇటూ ఉన్న రెండు గోడలూ కనబడాలంటే 90 డిగ్రీల చూపు కావాలి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో అడ్డంగా 90 డిగ్రీలు ఇచ్చే లెన్సు 18 మి.మీ. దానికి కాస్త అటూ ఇటూ వెసులుబాటు ఉండేలా 16 మి.మీ. చాలు. అది సుమారు 97 డిగ్రీలు చూస్తుంది. ప్రపంచమంతటా ఈ పనికి 16-35 మి.మీ. జూమ్ నిలదొక్కుకున్నది అందుకే. సోనీ 16-35 ఎఫ్/4, 2019లో వచ్చిన నికాన్ 14-30 ఎఫ్/4 ఈ కోవలోవి.

చిన్న సెన్సరున్న ఏపీఎస్-సీ కెమెరాల్లో అదే చూపు కోసం 10 మి.మీ. దాకా పోవాలి. కొత్తగా కొనేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. కెనాన్ ఆర్50తో పెట్టెలో వచ్చే 18-45 లెన్సును 1.6తో హెచ్చిస్తే ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో సుమారు 29 మి.మీ. అవుతుంది. అంటే 64 డిగ్రీలే, గదిలో మూడో వంతు బయటే ఉండిపోతుంది. సోనీ జెడ్‌వీ-ఈ10తో వచ్చే 16-50 కాస్త నయం, 24 మి.మీ.కు సమానం. ఈ బాడీలు కొన్నవాళ్లు కెనాన్ అయితే 2023లో వచ్చిన 10-18, సోనీ అయితే 10-18 లేదా 10-20 లెన్సుకు కూడా ముందే డబ్బు పక్కన పెట్టుకోవాలి.

లెన్సు ఎంత వెడల్పు పడుతుందో షాపులోనే లెక్కగట్టుకోవచ్చు. ఎదుటి గోడ దూరాన్ని 36తో గుణించి, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలోని లెన్సు సంఖ్యతో భాగిస్తే సరి. మూడు మీటర్ల దూరం నుంచి 35 మి.మీ.కు సుమారు 3.1 మీటర్ల గోడ పడుతుంది, 24 మి.మీ.కు 4.5, 16 మి.మీ.కు 6.75 మీటర్లు. ఊళ్లో డబుల్ బెడ్రూం ఫ్లాట్లలో రెండో పడకగది పది బై పదకొండు అడుగులు ఉంటే గొప్ప. ఆ గదికి 16 మి.మీ. సరిపోయి మిగులుతుంది.

అంతకన్నా వెడల్పు లెన్సులు ఉన్నాయి. 14, 12, ఇంకా తక్కువ. అవి గదిని చూపవు, సాగదీస్తాయి. 16 మి.మీ. బొమ్మ అంచున గుండ్రటి బిందె పడితే ఎత్తుతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు అడ్డంగా సాగుతుంది. 12 మి.మీ. దగ్గర ఆ సాగుడు 1.8 రెట్లకు చేరుతుంది. ఎదుటి గోడ చిన్నదై దూరం జరిగి, పదడుగుల గది ఫంక్షన్ హాలు వాటం తెచ్చుకుంటుంది. ఆ ఫొటో చూసి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. బేరం అక్కడే చెడుతుంది. సెల్‌ఫోన్లలోని అల్ట్రావైడ్‌కూ ఇదే జబ్బు. ఐఫోన్‌లో 2019 నాటి 11 మోడల్‌తో మొదలైన ఆ కెమెరా చూపు 13 మి.మీ.కు సమానం. స్నానాలగదికి తప్ప మిగతా గదులకు ఫోన్‌ను 1ఎక్స్‌లో పెట్టి వెనక్కి జరిగి తీయడం మేలు. వెనక్కి జరిగే చోటు లేకపోతే గది చిన్నదని ఫొటో చెప్పనివ్వాలి.

నిటారు గీతలు

ఇంటి ఫొటో చూడగానే చేయి తిరిగినవాడు తీశాడా లేదా అన్నది గోడల నిలువు గీతలే పట్టిస్తాయి. కెమెరాను ఏమాత్రం పైకెత్తినా గోడలు పైకి పోతూ దగ్గరికి వాలతాయి. ఎలివేషన్ ఫొటోల్లో రెండంతస్తుల ఇల్లు వెనక్కి పడిపోతున్నట్టు కనిపించేది దీనివల్లే.

ఈ ఇబ్బందికి విరుగుడు ఫొటోగ్రఫీ అంత పాతది. హైదరాబాద్ సంస్థానంలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టాడు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివాడు. ఇంజనీరు చదువు కావడంతోనో ఏమో, కట్టడాన్ని నిక్కచ్చిగా నిలబెట్టి తీయడం ఆయన ఫొటోల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నిజాం రాజ్యంలోని మహళ్లను, వాటి లోపలి గదులను, వరంగల్ ప్రాంతపు కాకతీయ కట్టడాలను ఆయన గాజు పలకల మీద తీశాడు. ఆ కాలపు పెద్ద కెమెరాల్లో కెమెరాను వంచకుండా లెన్సున్న ముందుపలకను మాత్రమే పైకి జరిపే వీలుండేది. గాజు పలక నిటారుగా నిలబడే ఉంటుంది, చూపు మాత్రం పైకి పోతుంది, గీతలు వాలవు. కాకతీయ శిల్పాన్ని లోకానికి పరిచయం చేసిన పుస్తకాల్లోనూ ఈ క్రమశిక్షణే కావలసి వచ్చింది. నిజాం పురావస్తు శాఖ తొలి అధిపతి గులాం యజ్దానీ పాలంపేట గుళ్ల మీద 1922లో వెలువరించిన గ్రంథం అలాంటిది.

చిన్న కెమెరాలు వచ్చాక ఆ సౌకర్యం పోయింది. 1960ల తొలి ఏళ్లలో నికాన్ 35 మి.మీ. పీసీ-నిక్కార్‌తో షిఫ్ట్ లెన్సు రూపంలో అది తిరిగొచ్చింది. ఇవాళ కెనాన్ టీఎస్-ఈ 24 మి.మీ., 2009లో వచ్చిన 17 మి.మీ. లెన్సులు ఆ పని చేస్తాయి. ధర లక్ష దాటుతుంది, ఆటోఫోకస్ ఉండదు. వరంగల్‌లో ఇళ్ల ఫొటోలతో బతికేవాడు ఈ లెన్సు కొనాల్సిన పనిలేదని చెప్పొచ్చు. హోటళ్లు, ఆసుపత్రి భవనాలు, ఆర్కిటెక్టుల పని దొరికితే అప్పుడు హైదరాబాద్ నుంచి అద్దెకు తెచ్చుకోవచ్చు.

దానికి బదులు డబ్బు ట్రైపాడ్ మీద పెట్టాలి. ట్రైపాడ్ తలకాయ బాల్‌హెడ్ అయితే ఒకవైపు సరిచేస్తే మరోవైపు జారుతుంది. మూడు మరలను విడివిడిగా తిప్పుకునే గేర్డ్ హెడ్ ఉంటే పది సెకన్లలో మట్టం కుదురుతుంది. ఎత్తు నాలుగడుగుల చుట్టుపక్కల ఉండాలి. కంటి ఎత్తున పెడితే సీలింగ్ ఎక్కువ, ఫర్నిచర్ తక్కువ పడుతుంది. వంటింట్లో గట్టు సుమారు 34 అంగుళాలుంటుంది కాబట్టి గట్టు మీది గ్రానైట్ కాస్త కనబడేంత పైకి లేపాలి. ఇంకో మాట: ట్రైపాడ్ కాళ్ల రబ్బరు తొడుగులు బయట తుడిచి లోపలికి తేవాలి. వీధిలో పెట్టిన ట్రైపాడ్‌ను అలాగే పూజగదిలో దింపితే ఆ ఇంట్లో మళ్లీ పిలవరు.

వెలుగు

వరంగల్ ఉన్నది దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారంలో ఒకసారి, జూలై చివర మరోసారి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యకాలంలో కాస్త ఉత్తరానికి ఉంటాడు, మిగతా ఏడాదంతా మధ్యాహ్నం దక్షిణానికే. ఫేసింగ్ చూడకుండా ఇల్లు కొననివాళ్ల ఊళ్లో ఫొటోగ్రాఫర్‌కూ ఫేసింగే మొదటి ప్రశ్న. తూర్పు ఫేసింగ్ ఇంటి ఎలివేషన్ ఉదయం తొమ్మిదిలోపు తీసేయాలి. పడమటి ఇంటికి సాయంత్రం నాలుగు తర్వాత. ఉత్తరపు ఇల్లే చిక్కు. చలికాలమంతా దాని ముఖం రోజంతా నీడలో ఉంటుంది, వెనక ఆకాశం తెల్లగా కాలిపోతుంది. అలాంటి ఇంటికి మబ్బు పట్టిన రోజునో, పొద్దుగూకిన పావుగంటకు లోపలి దీపాలన్నీ వేయించో తీయడమే దారి. ఆ వేళ ఆకాశం వెలుగు, దీపాల వెలుగు ఒక్క స్థాయిలో ఉంటాయి.

లోపలి సమస్య కిటికీ. మధ్యాహ్నం గదికీ బయటి ఎండకూ వెలుగు తేడా కొన్ని వందల రెట్లు. గదికి సరిచేస్తే కిటికీ తెల్లటి పలక అవుతుంది, కిటికీకి సరిచేస్తే గది గుహ అవుతుంది. దీనికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది బ్రాకెటింగ్: ట్రైపాడ్ కదలకుండా రెండేసి స్టాపుల తేడాతో మూడు లేదా ఐదు ఫొటోలు తీసి తర్వాత కలుపుతారు. దాదాపు అన్ని మిర్రర్‌లెస్ బాడీల్లో ఈ వసతి ఉంది, కొనేముందు రెండు స్టాపుల తేడా ఇస్తుందో లేదో చూసుకుంటే చాలు. తీసేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపించాలి. లేకపోతే కలిపిన బొమ్మలో రెక్కలు దయ్యాల్లా తేలతాయి. రెండోది ఫ్లాష్: గోడ మీదికో సీలింగ్ మీదికో కొట్టి పరావర్తనంతో గది నింపుతారు. గోడోక్స్ ఏడీ200 వంటి 200 వాట్-సెకన్ల ఫ్లాష్ ఒకటుంటే మామూలు హాలు దాకా సరిపోతుంది. సీలింగ్ తెల్లగా ఉంటేనే సుమా. లేత ఆకుపచ్చ వేసిన గదిలో ఫ్లాష్ కొడితే సోఫా కూడా ఆకుపచ్చే. ఈ ఊళ్లో రంగు గోడలు తక్కువేం కాదు కాబట్టి కొత్తవాళ్లకు బ్రాకెటింగే నమ్మకమైన దారి.

పాశ్చాత్య పుస్తకాలు ఇంట్లో దీపాలన్నీ వేసి తీయమంటాయి. అక్కడ దీపాలన్నీ ఒకే పసుపు. మన హాల్లో 6500 కెల్విన్ల ట్యూబులైటు, పీఓపీ సీలింగ్‌లో 3000 కెల్విన్ల పసుపు బల్బులు, వాటి చుట్టూ నీలమో గులాబీయో ఎల్ఈడీ పట్టీ, కిటికీలోంచి పగటి వెలుగు, ఇన్నీ ఒకేసారి ఉంటాయి. ఏ వైట్ బ్యాలెన్సూ వీటిని కలపలేదు. పగలైతే అన్నీ ఆర్పి కిటికీ వెలుగుతో తీయాలి. సాయంత్రమైతే ఒక్క రకం దీపాలే ఉంచాలి. ఎల్ఈడీ పట్టీ యజమానికి ఎంత ముద్దైనా ఆర్పించాల్సిందే.

నేల మీది విట్రిఫైడ్ టైల్స్ మెరుపు తగ్గించడానికి పోలరైజర్ ఫిల్టర్ పనికొస్తుంది. దాన్నే వెడల్పు లెన్సుతో బయట ఆకాశానికి పెడితే నీలం ఒకచోట చిక్కగా, మరోచోట పలచగా మరకలు కడుతుంది.

వీడియో టూర్

వీడియోలో ముందు సరిచూసుకోవాల్సింది కెమెరాలోని పాల్, ఎన్‌టీఎస్‌సీ మీట. మన కరెంటు 50 హెర్ట్జ్. దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే ఆ మినుకు కెమెరాకు దొరకదు. ఎన్‌టీఎస్‌సీలో 30 ఫ్రేములు, 1/60 ఉంటే ట్యూబులైటు వేసిన గదిలో నల్లటి పట్టీలు పైనుంచి కిందికి జారుతూ ఉంటాయి. విదేశాల్లోని బంధువులు తెచ్చిచ్చిన కెమెరాల్లో ఈ తంటా ఎక్కువ. జెడ్‌వీ-ఈ10లో 25కు మారితే ఇంకో లాభమూ ఉంది. 4కెలో 30 ఫ్రేములకు అది బొమ్మ అంచులు కోసేస్తుంది, 25కు కోయదు.

నడుస్తూ తీసే టూర్‌కు గింబల్ తప్పదు. డీజేఐ ఆర్ఎస్ 3 మినీ రెండు కిలోల దాకా మోస్తుంది. ఏపీఎస్-సీ బాడీ, వెడల్పు లెన్సు కలిపినా కిలో దాటవు కాబట్టి అంతకన్నా పెద్దది మోయనక్కర్లేదు. లోపలి తలుపు వెడల్పు రెండున్నర, మూడడుగులు. పెద్ద గింబల్ చేతులు చాచి పట్టుకుంటే మోచేతులు చౌకట్టుకు తగులుతాయి. కెమెరాలోనే ఉండే డిజిటల్ స్థిరీకరణ గింబల్‌కు బదులు కాదు. అది అంచులు కోసి కుదుపు దాస్తుంది కాబట్టి డబ్బు పెట్టి తెచ్చుకున్న వెడల్పు అక్కడే పోతుంది. 2023లో వచ్చిన ఓస్మో పాకెట్ 3 జేబులో పట్టే గింబల్ కెమెరా, ఒక అంగుళం సెన్సరు. మధ్యవర్తులు తామే తీసుకోవడానికి ఇంతకన్నా సుఖమైనది లేదు. దాని లెన్సు 20 మి.మీ.కు సమానం, పైన చెప్పిన 90 డిగ్రీలకు కొంచెం తక్కువ. నడుస్తూ పక్కకు తిప్పితే ఆ లోటు తీరుతుంది.

టూర్ వరుస కూడా సామగ్రి ఎంపికను మారుస్తుంది. వీధి నుంచి గేటు, గేటు నుంచి సింహద్వారం, అక్కడి నుంచి హాలు, వంటిల్లు అంటూ కోత లేకుండా తీసిన టూర్‌ను దూరంలో ఉన్నవాళ్లు ఎక్కువ నమ్ముతారు. కోత ఉన్నచోట ఏదో దాచారేమోనన్న అనుమానం పుడుతుంది. కోత లేకుండా ఎండలోంచి లోపలికి రావాలంటే వెలుగు మార్పును మెత్తగా సరిదిద్దే ఆటో ఐఎస్ఓ కావాలి. కొత్త బాడీల్లో అది బాగుంటుంది, పాతవాటిలో వెలుగు మెట్లు మెట్లుగా దూకుతుంది. అందుకే పాత బాడీ ఫొటోలకు పనికొచ్చినా వీడియోకు పనికిరాకపోవచ్చు.

చాలామంది పట్టించుకోనిది గొంతు. సామాను లేని కొత్త ఫ్లాటులో మాట్లాడితే మాట గోడలకు కొట్టుకుని డబ్బాలో మాట్లాడినట్టు వస్తుంది. "నమస్కారమండీ, ఇది హంటర్ రోడ్డులో తూర్పు ఫేసింగ్ ఫ్లాటు" అని మొదలయ్యే టూర్‌కు కాలరుకు పెట్టుకునే వైర్‌లెస్ మైకు కావాలి. 2019లో వచ్చిన రోడ్ వైర్‌లెస్ గో, 2022లో వచ్చిన డీజేఐ మైక్ ఈ రకానివి. మైకు నోటికి దగ్గరగా ఉన్నకొద్దీ గోడల హోరు తగ్గుతుంది.

360 డిగ్రీల టూర్

చూసేవాళ్లు వేలితో తిప్పుకుంటూ గదంతా చూసే టూర్లకు రెండువైపులా లెన్సులున్న కెమెరా కావాలి. మామూలు జనానికి అందిన వాటిలో తొలి తరానిది 2013 నాటి రికో థీటా. కదలని ఫొటోలకు ఇప్పటికీ చెప్పుకోదగ్గది 2019లో వచ్చిన థీటా జెడ్1, రెండు ఒక అంగుళం సెన్సర్లతో. వీడియో కూడా కావాలంటే 2024లో వచ్చిన 8కె ఇన్‌స్టా360 ఎక్స్4. కెమెరాను గది మధ్యలో, అయిదడుగుల ఎత్తున పెట్టి, ఫొటోగ్రాఫర్ పక్కగదిలోకి వెళ్లి ఫోన్‌తో నొక్కుతాడు. బీరువా అద్దం ఎటు చూస్తోందో ముందే గమనించుకోకపోతే తలుపు చాటున నక్కిన మనిషి దాంట్లో దొరికిపోతాడు.

మాటర్‌పోర్ట్ కంపెనీ లైడార్‌తో గది కొలతలు కూడా పట్టే ప్రో3 కెమెరాను 2022లో తెచ్చింది. ఆ సంస్థను 2025లో అమెరికా స్థిరాస్తి సమాచార సంస్థ కోస్టార్ కొనేసింది. ఆ స్థాయి కెమెరా ఖర్చు పెద్ద గేటెడ్ ప్రాజెక్టులకే గిట్టుబాటు. విడి ఇళ్లకు చిన్న 360 కెమెరా, లేజర్ కొలత పరికరం, కాగితం మీద గీసిన ప్లాను చాలు.

ఆకాశం నుంచి

వెంచర్లకు, విడి ప్లాట్లకు నేల మీది ఫొటో పెద్దగా చెప్పదు. 30 బై 60 అడుగుల, అంటే 200 గజాల స్థలాన్ని వెడల్పు లెన్సుతో తీస్తే పొలంలా, మామూలు లెన్సుతో తీస్తే గడ్డిపరకల్లా ఉంటుంది. హద్దు రాళ్లు, ముందు రోడ్డు, పక్క ఇళ్లు ఒక్క చట్రంలో పట్టాలంటే పైనుంచే తీయాలి.

డ్రోన్ కొనేముందు చట్టం చదవాలి. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, రెండు కిలోల దాకా మైక్రో. నానో డ్రోన్లకూ, సొంత సరదాకు ఎగరేసే మైక్రో డ్రోన్లకూ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. బిల్డర్ డబ్బిచ్చి పిలిచిన పని సరదా కిందికి రాదు, మైక్రో డ్రోన్‌తో వెళ్తే సర్టిఫికెట్ ఉండాలి. ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటు పటంలో ఆకుపచ్చగా ఉన్నచోట 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. విమానాశ్రయం హద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉన్నచోట ఆ ఎత్తు 200 అడుగులకు పడిపోతుంది. వరంగల్‌కు ఇది ఉత్తి మాట కాదు. నిజాం కాలంలో కట్టి, 1981 దాకా వాడిన మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. కాబట్టి నిరుడు చూసుకున్న పటాన్ని నమ్ముకోకుండా ఎగరేసే రోజున మళ్లీ చూడాలి. ఇంకో చిక్కు కొనుగోలులో ఉంది. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని ప్రభుత్వం నిషేధించింది. షాపులో చేతిలో పెట్టే విదేశీ డ్రోనుకు బిల్లు, రిజిస్ట్రేషన్ ఎలా వస్తాయో అడిగాకే డబ్బు తీయాలి.

రెండంతస్తుల ఇంటికి, చిన్న ప్లాటుకు అసలు డ్రోనే అక్కర్లేదు. ఇరవై అడుగుల మడత కర్ర కొసన 360 కెమెరా బిగించి నిలబెడితే కరెంటు తీగల పైనుంచి ఎలివేషన్, మేడ మీది ట్యాంకు, వీధి రెండు కొసలూ వచ్చేస్తాయి. తీగలకు దూరంగా నిలబెట్టాలని చెప్పనక్కర్లేదు.

ఫొటో కూడా ప్రకటనే

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, వాడుకలో రెరా, తెలంగాణలో 2017 నియమాలతో అమలులోకి వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లు దాటిన భవనంలోనో ప్రాజెక్టు నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, ఇచ్చిన ప్రకటనలో నమోదు సంఖ్య ఉండాలి. 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలోని, నమూనా ఫ్లాటులోని తప్పుడు వివరాలు నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లకు ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి. వాళ్లు వద్దనుకుంటే వడ్డీతో సొమ్ము వెనక్కివ్వాలి. సొంత ఇల్లు అమ్ముకునే మనిషికి ఈ సెక్షన్ వర్తించకపోయినా ఫొటోగ్రాఫర్‌కు గీత ఎక్కడ గీసుకోవాలో తెలుస్తుంది. గోడ మీది మేకు గుర్తు చెరపొచ్చు. గేటు ముందున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను చెరపకూడదు.

ఈ నగరంలో ఇంకో రెండు సంగతులున్నాయి. ఖిలా వరంగల్‌లో కోట తోరణాల దగ్గర, హనుమకొండ వేయిస్తంభాల గుడి చుట్టూ రక్షిత కట్టడాల చట్టం ప్రకారం 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్లకు అనుమతి కావాలి. ప్లాటు వీడియోలో తోరణం ఎంత గొప్పగా కనిపిస్తే, ఆ దూరం అంత జాగ్రత్తగా కొలవాల్సి ఉంటుంది. రెండోది నీళ్లు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వచ్చిన వానలకు నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి, 2023లో భద్రకాళి చెరువు కట్ట తెగింది. మార్చి ఎండలో తీసిన వీడియోలో ఏ కాలనీ అయినా పొడిగానే ఉంటుంది. గేటు దగ్గర మోరీ ఎంత లోతు, వీధి ఎటు వాలు, ఇంటి అరుగు రోడ్డుకు ఎన్ని మెట్లు పైన ఉంది అన్నవి కూడా ఒక నిమిషం చూపిస్తే దూరంలోని కొనుగోలుదారుకు మేలు.

కొనే వరుస, కాపాడే తీరు

ధరలు నెలనెలా మారతాయి గాని వరుస మారదు. చేతిలో మంచి ఫోనుంటే మొదట దానికి గట్టి ట్రైపాడ్, పట్టు, ఒక మైకు కొని నాలుగిళ్లు తీయాలి. ఆ డబ్బుతో వాడిన ఏపీఎస్-సీ బాడీ, 10-18 వంటి లెన్సు, గేర్డ్ హెడ్. గింబల్ ఆ తర్వాత, ఫ్లాష్ ఇంకా తర్వాత. 360 కెమెరా ఎవరైనా అడిగినప్పుడు. డ్రోన్ అన్నిటికన్నా చివర. ఊళ్లో ఒకరికి సర్టిఫికెట్, డ్రోన్ రెండూ ఉంటే నలుగురు ఫొటోగ్రాఫర్లకు ఆ ఒక్కరే సరిపోతారు. పెళ్లిళ్లు తీసేవాళ్లకు బాడీ ఎలాగూ ఉంది కాబట్టి 16-35 ఎఫ్/4 ఒక్కటి చేర్చుకుంటే సగం పని అయినట్టే.

కెమెరాలు, డ్రోన్లు చాలావరకు 40 డిగ్రీల దాకానే పనిచేస్తాయని తయారీదార్లు రాస్తారు. మే నెలలో వరంగల్ 44, 45 చూస్తుంది. ఆ నెల బయటి పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి, కారులో సంచి వదిలి భోజనానికి వెళ్లకూడదు. 4కె వీడియో ఏసీ లేని గదిలో ఏకబిగిన తీస్తే చిన్న బాడీలు వేడెక్కి ఆగిపోతాయి, మధ్యమధ్యలో తెరను బాడీ నుంచి విప్పి ఉంచితే కొంత ఆలస్యంగా ఆగుతాయి. వానాకాలంలో తడి పట్టిన తోలు సంచిలో పెట్టిన లెన్సుకు ఫంగస్ వస్తుంది. రబ్బరు అంచు మూతున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపే చిన్న మీటరు అన్నీ కలిపినా లెన్సు విప్పి శుభ్రం చేయించే ఖర్చు కాదు. పొట్లాల్లో గింజల రంగు మారితే ఎండలో ఆరబెట్టడం కాకుండా మూకుడులో సన్నటి సెగ మీద వేయించి మళ్లీ వాడుకోవచ్చు, ఆ మూకుడును మాత్రం మళ్లీ వంటకు వాడకూడదు.